మంగళవారం ఎవరూ రారు

ముసలివాళ్ళను చూసుకునే హోం ఒకటి వెతుకుదామని బయల్దేరితే మనవాళ్ళు ఏం చూస్తారో నన్నడగండి, చెప్తాను. ముందు గేటు చూస్తారు. తర్వాత గోడకు దేవుడి పటాలున్నాయా లేదా చూస్తారు. ఆ తర్వాత ఆఫీసు గదిలో కూర్చోబెట్టి మనకు ఏం తాగించారో చూస్తారు. లోపల మంచం మీద ఉన్న మనిషి దగ్గరికి చేరేసరికి టీ తాగడం అయిపోతుంది, ఇంటికి పోయే తొందర మొదలవుతుంది.

మేము వెతికింది మా పెద్దమ్మ కోసం. అమ్మకు స్వయానా అక్క. పిల్లలు లేరు, పెదనాన్న ఎప్పుడో పోయాడు. అమ్మ పోయేనాటికి నేనూ తమ్ముడూ బాగా చిన్నవాళ్ళం. మమ్మల్ని పెంచింది ఈవిడే. తమ్ముడికి ఇప్పుడు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. నేను కోదాడలో ఉంటాను, మా ఆయనకు పుస్తకాల షాపు. పెద్దమ్మ చాలా ఏళ్ళు నా దగ్గరే ఉంది. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక కూడా నా దగ్గరే ఉంది. మాట పోయింది కానీ తెలివి ఎక్కడికీ పోలేదు. మనిషిని గుర్తుపడుతుంది, అన్నదంతా అర్థం చేసుకుంటుంది, తిరిగి చెప్పలేదు, అంతే. ఆకలైనా, కోపమొచ్చినా, నువ్వు పో అనాలన్నా, అన్నిటికీ ఆ ఎడమ చెయ్యే.

తర్వాత నా నడుము నన్ను మోసం చేసింది. ఆపరేషన్ అయింది. వంగొద్దు, బరువెత్తొద్దు అన్నాడు డాక్టరు. మంచాన ఉన్న మనిషిని వంగకుండా, ఎత్తకుండా ఎలా చూసుకోవాలో మాత్రం చెప్పలేదు. పనికి పెట్టుకున్న ఆడవాళ్ళు పత్తి ఏరే రోజులు రాగానే వెళ్ళిపోయారు. వాళ్ళనేం అంటాం? తమ్ముడిల్లు మేడ మీద, మరదలు టీచరు, పొద్దున పోతే సాయంత్రం వస్తుంది. అట్లా అట్లా అందరం కలిసి హోం అనే మాట దగ్గరికి చేరాం.

మొదట తమ్ముడు తన మిల్లుకు దగ్గరని మిర్యాలగూడలోనే ఒకటి చూపించాడు. నేల అద్దంలా మెరుస్తోంది. ఓనరు ఎదురొచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, బాదం పాలు ఇప్పించాడు. తమ్ముడి మొహం వికసించింది.

"మర్యాద తెల్సినోళ్లక్కా" అన్నాడు నా చెవిలో.

"మర్యాద మనకు గాదురా. గీడ ఉండేది పెద్దమ్మ, నువ్వు గాదు."

ఓనరును అడిగాను, రాత్రిపూట మనిషిని పక్క మార్చి పడుకోబెట్టడానికి ఎవరుంటారని. మంచాన ఉన్నవాళ్ళకు అదే ముఖ్యం. ఒక్క పక్కనే పడుకుంటే వీపు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి.

"అన్నీ ఉంటయి మేడం. ఏసీ కూడ ఉంటది" అన్నాడాయన.

నేను లేచి నిలబడ్డాను. తమ్ముడు బాదం పాలు పూర్తి చేశాకే లేచాడు.

రెండోది సూర్యాపేటలో, హైవే దాటి కొంచెం లోపలికి ఉంటుంది. ఇక్కడ నేను తమ్ముడి మాట వినలేదు. ఆఫీసు గదిలో కూర్చోకుండా సరాసరి మంచాల దగ్గరికి పోయాను. దిండ్లు వాసన చూశాను. దుప్పట్లు ఎత్తి పరుపు తడిమాను. ఒక పెద్దాయన గోళ్ళు చూశాను, ఒకామె మడమలు చూశాను. ఆయమ్మలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

"అక్కా, ఇజ్జత్ తీస్తున్నవ్" అని తమ్ముడు తల పట్టుకున్నాడు.

ఇజ్జత్ పోతే పోయింది. అంతా శుభ్రంగా ఉంది. మేనేజరు మెత్తటి మనిషి, అడిగినవాటికన్నిటికీ అడిగినట్టే జవాబు చెప్పాడు. స్నానం ఎప్పుడు, అన్నం ఎట్లా తినిపిస్తారు, పక్క ఎప్పుడు మారుస్తారు, అన్నీ. ఆ రోజు ఆదివారం. మంచి తిథి చూసుకుని గురువారం తీసుకొచ్చి చేర్పించాం. పెద్దమ్మ నా కొంగు పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి బయటికొచ్చాను. ఆటోలో కూర్చుని బస్టాండు దాకా ఏడ్చాను.

మేము ఊరికే వదిలేసిపోయే రకం కాదు. ఆదివారం నేను పోయేదాన్ని, గురువారం తమ్ముడు పోయేవాడు. ఎప్పుడు పోయినా పెద్దమ్మ తల దువ్వి ఉండేది, మొహానికి పౌడరు, ఉతికిన నైటీ. వీపు చూసేదాన్ని, ఎర్రబడిందేమోనని. కొంచెం ఎరుపు ఉండేది, పౌడరు వేస్తున్నాం అనేవాళ్ళు. ఇంతకంటే ఏం కావాలి? నాకూ తెలియదు ఏం కావాలో. ఒక్కటి మాత్రం మనసులో గుచ్చుతూ ఉండేది. నేను బ్యాగులోంచి సీసా తీయగానే పెద్దమ్మ కళ్ళు సీసా మీదికి పోయేవి. మూత తీసేలోపే ఎడమ చెయ్యి వచ్చేసేది. గటగటా తాగేది, ఊపిరి పీల్చుకునేది, మళ్ళీ తాగేది.

మేనేజరును అడిగితే నవ్వాడు. "మీ చేత్తో ఇస్తే తాగుతదమ్మా. మేమిస్తే మొహం తిప్పుకుంటది. ప్రేమ గదా."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకు నేను కాస్త పొంగిపోయాను కూడా. తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే "ఎండలక్కా" అన్నాడు. వానాకాలం వచ్చింది. అప్పుడూ గటగటా తాగింది. "ఉక్క పోస్తున్నదక్కా" అన్నాడు. వాడి దగ్గర కాలానికో జవాబు ఉంది. ఈ మనిషే మిల్లు దగ్గరికి వడ్ల లారీ వస్తే పై గింజలు చూసి బేరం చెయ్యడు. బస్తా కడుపులోకి ఇనుప గొట్టం గుచ్చి, లోపలి గింజ అరచేతిలో పోసుకుని, పంటి కింద కొరికి చూస్తాడు. రైతు ఎంత దండం పెట్టినా వినడు. పెద్దమ్మ దగ్గరికొచ్చేసరికి పౌడరు మొహం చూసి వెళ్ళిపోతున్నాడు. ఒళ్ళు మండిపోయేది నాకు.

ఇక ఆ మంగళవారం సంగతి.

మా వైపు మంగళవారం పూట రోగిని చూడటానికి ఎవరూ పోరు. అమావాస్య నాడూ పోరు. పోతే రోగం ముదురుతుందని భయం. దవాఖానాలో బిల్లు కట్టేసి సంచులు సర్దుకున్నవాళ్ళు కూడా మంగళవారమైతే ఇంకో రాత్రి ఆగి బుధవారం ఇంటికి పోతారు. ఎవరూ దీని గురించి ప్రత్యేకంగా మాట్లాడరు. అన్నం కుడి చేత్తో తిన్నట్టు అదొక అలవాటు. నేను కూడా ఎప్పుడూ మంగళవారం పోలేదు.

నా నడుము చూసే డాక్టరు హైదరాబాదు నుంచి సూర్యాపేటకు మంగళవారమే వస్తాడు. ఆ రోజు జనం పలచగా ఉంటారు, త్వరగా పని అయిపోతుంది. చూపించుకుని బయటికొచ్చాను. కోదాడ బస్సు ఎక్కాలి. ఎక్కకుండా రోడ్డు మీద నిలబడ్డాను. హోంకు షేర్ ఆటోలో ఎంతసేపు? ఈ ఊళ్ళోకి వచ్చి, ఆమెను చూడకుండా, మంగళవారమని వెనక్కి పోవాలా? ఆదివారం ఆమె నీళ్ళు తాగిన తీరు కళ్ళ ముందు నుంచి పోవట్లేదు. ఛ, ఏమైతే అయిందని ఆటో ఎక్కేశాను.

గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. అడ్డం రాలేదు, ఆశ్చర్యపోయాడంతే.

"ఇయ్యాల మంగళారం గదమ్మా! ఎట్లొచ్చిన్రు?"

"ఆటోలో వచ్చిన" అని లోపలికి పోయాను.

తలుపు తీయగానే వాసన కొట్టింది. ఆదివారాలు ఫినాయిల్ వాసన వచ్చే గది అది. ఇప్పుడు తడిసిన పక్కలు, పాసిపోయిన అన్నం కలిసిన వాసన. టీవీ పెద్దగా మోగుతోంది, చూసేవాళ్ళు ఎవరూ లేరు. అన్ని మంచాలకూ కలిపి ఇద్దరే ఆయమ్మలున్నారు. వాళ్ళలో ఒకామె ఒక మూల మంచం దగ్గర అన్నం తినిపిస్తోంది, రెండో ఆమె బట్టల కుప్ప మోసుకుని పోతోంది. మధ్యాహ్నం దాటింది. ఎవరికీ తల దువ్వలేదు. మంచాల పక్కన నీళ్ళ గ్లాసులు ఒక్కటి కూడా లేవు. అన్నీ దూరంగా, కిటికీ గట్టు మీద వరుసగా బోర్లించి ఉన్నాయి.

పెద్దమ్మ కుడి పక్కకే ఒత్తిగిలి ఉంది, పడిపోయిన పక్కకు. పెదాలు పగిలి తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి. నైటీ తడిసి, ఆరి, మళ్ళీ తడిసి ఉంది. నన్ను చూసి నవ్వలేదు, ఏడవలేదు. ఎడమ చెయ్యి చాపింది. నా చేతి కోసం కాదు, బ్యాగు కోసం.

సీసా ఇచ్చాను. ఆమె తాగుతోంది. బట్టలు మోస్తున్న ఆయమ్మను కేకేశాను. ఆ కేకకు ఎవరో టీవీ కూడా ఆపేశారు.

"నీళ్ళెందుకు ఇవ్వట్లేదు?"

ఆమె బట్టల కుప్ప కింద పెట్టింది. అలిసిపోయిన మనిషి, నాతో గొడవపడే ఓపిక కూడా లేదు. "తాగితే తడుపుకుంటరమ్మా. ఎన్నిసార్లని మారుస్తం? అన్ని రోజులు జర తక్కువనే పోస్తం. మంగళారం ఇంకా తక్కువ. ఇద్దరమే ఉంటం గదా."

"మిగతావాళ్ళేరి?"

"మంగళారం అందరికి సుట్టీ."

మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతను అబద్ధమాడి ఉంటే బాగుండేది. ఒక్క రోజు ఇట్లా అయింది, క్షమించండి అని ఉంటే నేను ఇంకో రకంగా కోప్పడేదాన్ని. అతను చాలా మామూలుగా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు.

"మంగళారం ఎవ్వరు రారు మేడం. ఐతారం, గురువారం అందరొస్తరు, ఆ రోజుల్లో స్టాఫ్ కావాలె. వాళ్ళకూ వారానికోసారి సెలవియ్యాలె గదా. అందుకనే మంగళారం పెట్టినం. అమావాస్యకు కూడ గంతే."

"ఎవ్వరు రారంటే? వీళ్ళున్నారు కదయ్యా! మంచాల మీద వీళ్ళు ఉండట్లేదా మంగళవారం?"

అతను నా వైపు అయోమయంగా చూశాడు. నేనడిగింది నిజంగానే అతనికి ఎక్కలేదు. నాకు నెత్తి బాదుకోవాలనిపించింది. దిండ్లు వాసన చూసి, గోళ్ళు చూసి, మడమలు చూసి నేనేదో గొప్పగా పరీక్ష పెట్టాననుకున్నాను. మేము ఎప్పుడొస్తామో వాళ్ళకు పంచాంగం చూసినంత బాగా తెలుసు. మంచి రోజులన్నీ మాకు చూపించి, చెడ్డ రోజులు మంచం మీదవాళ్ళకు వదిలేశారు. ఈ చుట్టుపక్కల ఊళ్ళ జనం కలిసి వాళ్ళకు ఇచ్చిన సెలవు అది.

తమ్ముడికి ఫోన్ చేశాను. పెద్దమ్మను ఇప్పుడే తీసుకుపోతాను, కారు పంపు అన్నాను. జరిగింది మొత్తం చెప్పాను. వాడు అంతా విన్నాడు. విని, "నువ్వు మంగళారం ఎందుకు పోయినవక్కా?" అన్నాడు.

"ఇంతసేపు నేను చెప్పిందేందిరా?"

"విన్న. రేపు ఆ మేనేజర్ సంగతి చూస్త. కాని ఇయ్యాల కదిలియ్యకు. మంగళారం పేషెంట్‌ను కదిలిస్తరా ఎక్కడన్నా? రేపటికేమన్నా అయితే? ఒక్క రాత్రి ఆగు, పొద్దున్నే నేనే కారేస్కొని వస్త."

"ఒక్క రాత్రి నువ్వుండు గీడ. నీళ్లు లేకుండ, తడి పక్క మీద."

"అక్కా, నీ మంచికే చెప్తున్న. ఆమెకేమన్నా అయితే అందరు నిన్నే అంటరు."

అదీ అసలు సంగతి. వాడికి పెద్దమ్మ అంటే ప్రాణం, నాకు తెలుసు. వాడు భయపడుతున్నాడు, అదీ తెలుసు. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. చిన్నప్పటి నుంచి పెట్టిన భయం ఒక్క పూటలో ఎట్లా పోతుంది? దారిలో ఆమెకు ఏదైనా అయితే చచ్చేదాకా వినాల్సి వస్తుంది. అయినా ఆ పెదాలు చూశాక ఇంకో రాత్రి ఎట్లా ఉంచమంటాడు? ఫోన్ పెట్టేశాను.

కారు కిరాయికి మాట్లాడితే డ్రైవరు లోపలికొచ్చి పెద్దమ్మను చూసి వెనక్కి తగ్గాడు. "ఇయ్యాలనే తీస్కపోవాల్నా అమ్మా?" అన్నాడు. "ఇయ్యాలనే" అన్నాను. అతను డ్యాష్‌బోర్డు మీది దేవుడికి దండం పెట్టుకుని వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు. ఆయమ్మలిద్దరూ సాయం చేశారు. పోయేముందు పెద్దమ్మకు ఒళ్ళు తుడిచి బట్టలు మార్చింది కూడా వాళ్ళే. నేను వంగలేక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అప్పుడు పక్క మంచం మీదామె నన్ను పిలిచింది. నేరేడుచర్ల ఆమె, కాళ్ళు పనిచేయవు, మాట మాత్రం గట్టిగా ఉంది. గట్టు మీద గ్లాసు తీసి నీళ్ళు పోసి ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుంది.

"నా బిడ్డకు ఫోన్ జేసి చెప్పమ్మా, నువ్వు సూసింది. నేను చెప్తే నమ్మది. ముసలోళ్ళకు చాదస్తం అంటది."

నంబరు ఆమెకు నోటికి వచ్చు. సాయంత్రం కోదాడ చేరి, డ్రైవరు సాయంతో పెద్దమ్మను పడుకోబెట్టాక ఆ కూతురికి ఫోన్ చేశాను. చూసింది చూసినట్టు చెప్పాను.

"మీరు మంగళారం పోయిన్రా?" అందామె.

"అవునమ్మా, అందుకే కదా తెలిసింది."

"మా అమ్మ మంచం దాక పోయిన్రా?"

"పోయాను. నీళ్ళు ఇచ్చాను."

"మంగళారం పూట మా అమ్మ దగ్గరికి ఎందుకు పోయిన్రు మేడం? మీ అమ్మను మీరు చూస్కోవాలె గాని. జర ఆలోచన ఉండాలె గదా!" అని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

నేను ఆ ఫోన్ పట్టుకుని ఎంతసేపు తిట్టానో. మా ఆయన షాపు మూసి వచ్చి, ఎవరిని తిడుతున్నావని అడిగాడు. ఎవరినని చెప్పను? మేనేజరునా, తమ్ముడినా, ఆ బిడ్డనా? వారాన్ని తిట్టినా ఉలకదు, పలకదు.

పెద్దమ్మకు స్టీలు గ్లాసుతో నీళ్ళు ఇచ్చాను. సగం తాగింది. గ్లాసు తీసుకోబోతే ఇవ్వలేదు. ఇంకా తాగుతుందేమోనని ఆగాను. తాగలేదు, ఇవ్వలేదు. మంచం పక్కన స్టూలు మీద నీళ్ళ జగ్గు పెట్టి, మూత తీసి చూపించాను. "ఇదంతా నీకే పెద్దమ్మా, ఎన్నంటే అన్ని తాగు" అన్నాను. జగ్గు చూసింది, నన్ను చూసింది, గ్లాసు ఇంకా దగ్గరికి లాక్కుంది. నిద్రలో ఒలికిపోతే మళ్ళీ సగం పోసి చేతిలో పెట్టాను.

బుధవారం పొద్దున్నే తమ్ముడు వచ్చాడు, సంచిలో దానిమ్మకాయలు, మొహం నిండా కోపం. గడప దాటకముందే మొదలుపెట్టాడు. ఎవరి మాటా వినవని, మొండిదానివని, చిన్నప్పటి నుంచీ ఇంతేనని. నేను దానిమ్మగింజల రసం తీసి వాడికే ఇచ్చాను. "నువ్వే తాగించు" అన్నాను. కోపంలో ఉన్నా వాడి గొంతు పెద్దమ్మ దగ్గర మెత్తబడుతుంది. మంచం మీద కూర్చుని, తల నిమిరి, "పెద్దమ్మా, నీళ్లెందుకు, ఇదో, జూస్ తెచ్చిన" అంటూ ఆమె చేతిలోని గ్లాసు పట్టుకున్నాడు.

ఆమె వదల్లేదు. వాడు ఆటనుకుని నవ్వి, కొంచెం గుంజాడు.

పెద్దమ్మ గ్లాసు రెండింతల బలంతో లాక్కుని, ఉన్న నీళ్ళన్నీ ఒక్క గుక్కలో తాగేసింది. పొలమారింది, ముక్కులోంచి వచ్చాయి, మెడ మీదుగా ఒలికి నైటీ అంతా తడిసింది. దగ్గుతూనే తాగింది. తాగినంతసేపూ కళ్ళు వాడి చెయ్యి మీదే ఉన్నాయి. ఆఖరి చుక్క అయిపోయాక ఖాళీ గ్లాసు వాడి చేతిలో పెట్టింది.

తమ్ముడు ఆ గ్లాసు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. నా వైపు తిరిగాడు.

"నేను గుంజుకుంటననుకున్నదా అక్కా?"

"అవునురా" అన్నాను.